ప్రారంభోత్సవం కాని ఎండ

ట్రెయిలర్ కోనంపేట చేరిన రోజు బ్యాటరీ తొంభై ఆరు శాతం ఉంది.

ఆ సంగతి మొదట చూసింది మద్దిలేటమ్మ. లోపల వంటగట్టు పక్కన చిన్న గాజుబిళ్ళలో ఎర్రటి అంకెలు వెలుగుతున్నాయి. ఆమె అంకెల్ని నమ్మే మనిషి కాదు. వంగి పెట్టె మూత తీసి, బిడ్డకు జ్వరం చూసినట్టు బ్యాటరీ మీద అరచెయ్యి పెట్టి చూసింది.

"మంచి సరుకే" అంది.

ఆ మాట అనగల అర్హత ఆమెకుంది. ప్రొద్దుటూరు బైపాసులో పద్దెనిమిదేళ్ళు ట్రాక్టరు బ్యాటరీల షాపు నడిపింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు షాపు పోయింది. ఆ పద్దెనిమిదేళ్ళలో తన చేతిలో ఒక్క బ్యాటరీ కూడా చావలేదని ఆమె గర్వం. ఇప్పుడు రాష్ట్ర సంచార విడిది సంస్థలో ఒక నెల పరీక్ష మీద చేరింది. నెలాఖరుకి బ్యాటరీ బతికుంటే ఉద్యోగం ఖాయం. చస్తే దాంతోపాటు ఉద్యోగమూ పోతుంది. అలాగని కాగితం రాసి ఆమె చేత సంతకం కూడా పెట్టించుకున్నారు.

ట్రెయిలర్ అంటే చక్రాల మీద ఒక గది. రెండు మంచాలు, ఒక పొయ్యి, ఒక ఫ్యాను, ఒక బుల్లి ఫ్రిజ్. సరదా పడ్డవాళ్ళు దాన్ని జీపుకి తగిలించుకుని పెన్నేటి ఒడ్డున నచ్చిన చోట ఆపుకోవచ్చు. పైకప్పు మీద సోలార్ ప్యానెల్ పగలంతా ఎండ తాగి బ్యాటరీని నింపుతుంది. రాత్రి ఫ్యాను తిరుగుతుంది. ఇందులో పొరపాటు జరగడానికి చోటే లేదని సంస్థ తన ప్రకటనలో రాసుకుంది.

ఏప్రిల్ మూడో తేదీ. ఎండ నలభై రెండు డిగ్రీలు. మద్దిలేటమ్మ నిచ్చెన వేసుకుని పైకెక్కింది. ప్యానెల్ మీద కంపెనీ వాళ్ళు చుట్టిన అట్ట విప్పబోయింది.

"ఆగు!"

కింద నిలబడి అరిచింది డివిజనల్ మేనేజరు పరాంకుశం గారు. ఎడమ చేతిలో గొడుగు, కుడి చేతిలో ఫైలు. 

"ఏంది సార్? తేలు గాని ఉండాదా?"

"తేలైతే నేను అరిచేవాణ్ణి కాదమ్మా. నలభై ఏడవ సర్క్యులర్. ప్రారంభోత్సవమునకు పూర్వము ఏ ప్రభుత్వ పరికరమూ తన విధిని నిర్వర్తించరాదు."

ఈ సర్క్యులర్ ఊరికే పుట్టలేదు. మూడేళ్ళ క్రితం ఏదో ఊళ్ళో కొత్త బోరు వేశారు. మంత్రిగారు వచ్చేదాకా ఆగలేక జనం నలభై రోజులు నీళ్ళు పట్టుకున్నారు. తీరా మంత్రిగారు వచ్చి, చప్పట్ల మధ్య స్విచ్ నొక్కారు. వస్తున్న నీళ్ళు ఆగిపోయాయి. ఆ ఫోటో అన్ని పేపర్లలోనూ పడింది. ఆ మర్నాడే నలభై ఏడవ సర్క్యులర్ వచ్చింది.

"బోరంటే స్విచ్ ఉంటాది సార్. దీనికి స్విచ్ యాడుండాది? ఎండ పడితే పని చేస్తాది, అంతే."

"అందుకే ఎండ పడకూడదు" అన్నారు పరాంకుశం గారు ప్రశాంతంగా.

ఆ సాయంత్రమే ప్యానెల్ మీద ఎర్ర మఖమల్ గుడ్డ కప్పారు. నాలుగు మూలలా తాళ్ళు కట్టి, ముడుల మీద లక్క కరిగించి ముద్రలు వేశారు. ట్రెయిలర్ ముందు భాగాన మంత్రిగారికి స్వాగతం చెప్పే లైట్ల బోర్డు తగిలించారు. అందులో అక్షరాలు కుడి నుంచి ఎడమకి పరిగెత్తుతుంటాయి. దాని వైరు తిన్నగా బ్యాటరీకి వెళ్ళింది.

ప్రారంభోత్సవం ఏప్రిల్ ఎనిమిదిన.

* * *

ఎనిమిదిన మంత్రిగారు రాలేదు. పన్నెండున ముహూర్తం కుదరలేదు. పదమూడున ముహూర్తం కుదిరింది గానీ మంత్రిగారు కుదరలేదు.

బ్యాటరీ డెబ్బై ఒక్క శాతం.

స్వాగతం బోర్డు రాత్రింబగళ్ళు పరిగెత్తుతూనే ఉంది. రోజుకి రెండు, మూడు శాతం తాగేస్తోంది. మద్దిలేటమ్మ పరాంకుశం గారి ఆఫీసుకి వెళ్ళి నిలబడింది.

"సార్, ఆ బోర్డు ఆపుదాం సార్. ఆయప్ప వచ్చే పొద్దు ఏద్దాం."

పరాంకుశం గారు కళ్ళద్దాలు తీశారు. "స్వాగతం ఆపడమా? అమ్మా, స్వాగతం పలికి మధ్యలో ఆపితే ఏమంటారో తెలుసా? వెళ్ళిపొమ్మన్నారని అంటారు."

"అయితే నా ఇంట్లో చార్జరుండాది. మా షాపుది. గోడలో పిన్ను పెడితే ఒక్క పూటలో నింపేస్తా. ఎవురికీ తెల్దు."

పరాంకుశం గారు లేచి, తలుపు దగ్గరికి వేసి వచ్చారు.

"ఇది సంపూర్ణ సౌర పథకం. బ్యాటరీలోకి ప్రవేశించు ప్రతి యూనిట్టూ సౌరమై ఉండవలెనని మనం పైకి హామీ ఇచ్చాం. గోడలో కరెంటు ఎక్కడిది? బొగ్గుది. ఒక్కసారి బొగ్గు కరెంటు లోపలికి వెళితే, రేపు ఏది సూర్యుడిదో ఏది బొగ్గుదో ఎలా విడదీస్తావు? ఫ్యాను తిరిగితే ఎవరి వల్ల తిరిగిందని చెబుతావు?"

"తిరిగితే చాలు గద సార్."

"ఆ దృక్పథం వల్లే దేశం ఇలా ఉంది" అన్నారాయన.

మద్దిలేటమ్మ గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది. "సార్, నేను చెప్పేది ఇనుకోండి. ఇది మామూలు కరెంటు దీపం కాదు. ఇరవై శాతం కిందికి పోతే లోపల ప్లేట్లు చెడిపోతాయి. ఆపైన ఎంత ఎండ పోసినా లెయ్యదు. నా సంతకం తీసుకున్నారు గదా. ఆ సంతకం కోసరమైనా..."

"నీ సంతకం భద్రంగా ఉందమ్మా. బీరువాలో పెట్టాం."

* * *

పందొమ్మిదో తేదీ మధ్యాహ్నం గాలి లేచింది.

ట్రెయిలర్‌కి కాపలా ఖాదర్‌వలీ. పట్నంలో బ్యాంకు ముందు ఇరవై ఏళ్ళు తుపాకి పట్టుకుని నిలబడి, ఒక్కసారి కూడా పేల్చకుండా దిగిపోయిన మనిషి. అతను చూస్తుండగానే ఒక మూల లక్కముద్ర పగిలింది. గుడ్డ కొస లేచి వెనక్కి మడత పడింది. అరచేతి వెడల్పున ప్యానెల్ మీద ఎండ పడింది.

లోపలి నుంచి మద్దిలేటమ్మ కేక పెట్టింది. "ఖాదర్‌న్నా! యాభై ఎనిమిది ఉండేది యాభై తొమ్మిదాయ!"

"అల్లా దయ" అన్నాడు ఖాదర్‌వలీ. నిచ్చెన ఎక్కడానికి లేచాడు గానీ, చాలా నెమ్మదిగా లేచాడు. చెప్పులు వెతుక్కున్నాడు. ఒక చెప్పు దొరకలేదన్నాడు. పందొమ్మిది నిమిషాల తర్వాత గుడ్డ సర్దాడు.

సాయంత్రానికి విషయం పైకి పాకింది. అంకెలు రోజూ రెండు పూటలా హెడ్డాఫీసుకి పంపాలి. దిగుతూ వస్తున్న అంకె ఒక చోట ఎక్కితే అక్కడ కనపడదా?

మర్నాడు మెమో వచ్చింది. దాని శీర్షిక "అనధికార వెలుతురు." అందులో ఇలా ఉంది: "గౌరవ మంత్రివర్యుల కరకమలముల మీదుగా జరగవలసిన తొలి సౌరశక్తి ప్రవేశము, ఒక గాలి మీదుగా జరిగినట్లు తెలియవచ్చుచున్నది. ఇట్టి వెలుతురును తక్షణము వెనుకకు పంపి నివేదించవలెను."

"వెనక్కెట్ల పంపేది సార్? మూట కట్టి సూరీడికిచ్చేదా?"

పరాంకుశం గారు దానిమీద రాత్రంతా ఆలోచించారు. పొద్దున్నే పంచనామాకి ఇద్దరు సాక్షుల్ని వెంటబెట్టుకుని వచ్చారు. పట్టపగలు ట్రెయిలర్‌లో దీపాలన్నీ వేయించారు. ఫ్యాను వేయించారు. ఖాళీ ఫ్రిజ్ నడిపించారు. సాక్షులు గాజుబిళ్ళ ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఒక్క శాతం బయటికి పోవాలి. అది పోయింది. ఆ సంగతి రాసుకుని, సంతకాలు పెట్టి, కాఫీ తాగి వచ్చేసరికి దీపాలు ఆపాలన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు.

బ్యాటరీ నలభై ఎనిమిది.

"మీరు ఒకటి తీయబోయి ఎన్ని తీసినారో చూడండి" అంది మద్దిలేటమ్మ.

"కొంత తరుగు ఉంటుందమ్మా" అన్నారు పరాంకుశం గారు.

ఆ రోజు నుంచి ఖాదర్‌వలీ నిచ్చెన మీద గొడుగు పట్టుకుని నిలబడాలని ఉత్తర్వు. గొడుగు నీడ అతని మీద కాదు, గుడ్డ మీద పడాలి.

* * *

ఇరవై ఆరో తేదీన హెడ్డాఫీసు నుంచి సాంకేతిక సలహాదారు డాక్టర్ నిశాపతి దిగారు. కారు దిగి ట్రెయిలర్ చుట్టూ రెండుసార్లు నడిచారు. మంత్రిగారు ముప్పయ్యో తేదీ పదకొండు నలభైకి ఖచ్చితంగా వస్తున్నారనీ, ఈసారి ముహూర్తం కూడా వారి అనుకూలాన్ని బట్టే పెట్టించామనీ చెప్పారు.

"మంత్రిగారు నిచ్చెన ఎక్కరు. అందుచేత తెర దానంతట అదే జరగాలి. వేదిక మీద ఒక మీట. మీట నొక్కితే మోటారు. మోటారు తిరిగితే గుడ్డ చుట్టుకుంటుంది. ఎలా ఉంది?"

"అద్భుతం" అన్నారు పరాంకుశం గారు.

"మోటారుకి కరెంటు యాడ నుంచి సార్?" అడిగింది మద్దిలేటమ్మ.

"మంచి ప్రశ్న. ఇది సంపూర్ణ సౌర పథకం కాబట్టి, ట్రెయిలర్ బ్యాటరీ నుంచే."

 మద్దిలేటమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.

"సార్, తప్పయితే మన్నించండి. మోటారు తిరగాలంటే బ్యాటరీ ఉండాల. బ్యాటరీ నిండాలంటే ఎండ పడాల. ఎండ పడాలంటే గుడ్డ తీయాల. గుడ్డ తీయాలంటే మోటారు తిరగాల."

"సరిగ్గా అర్థం చేసుకున్నారు" అన్నారు డాక్టర్ నిశాపతి మెచ్చుకోలుగా. "దీన్నే మేము పరస్పరాధారిత వ్యవస్థ అంటాం. బయటి సహాయం ఏమీ అక్కర్లేదు."

"ఒకసారి నడిపి చూద్దామా సార్, ఆ పొద్దు మొరాయించకుండా?"

ఇద్దరు అధికారులూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నడిపి చూడడమంటే తెర తీయడం. తెర తీయడమంటే ప్రారంభోత్సవం. మోటారుని పరీక్షించకుండానే బిగించారు.

బ్యాటరీ ముప్పై మూడు.

ఆ సాయంత్రం ఖాదర్‌వలీ నిచ్చెన దిగి, గొడుగు మడిచి, ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

"రోజుకి మూడు లెక్కేసుకో. నాలుగు రోజులు. ఇరవై ఒకటి కాడికి వస్తాది గదా" అన్నాడు.

"అవ్‌న్నా. ఆ మోటారు ఒక గుక్క తాగితే ఇరవై."

"పోతే పోనీలేమ్మా. ఇది గాకపోతే ఇంగో ఉద్యోగం."

"ఉద్యోగం సంగతి నేను చూసుకుంటా. పద్దెనిమిదేళ్ళు ఏ బ్యాటరీకీ ఒక్క చుక్క చెడ్డ కరెంటు ఎక్కీలే, ఒక్కదాన్నీ కింద పడేయలే. నెత్తిన సూరీడు కాల్చేస్తా ఉంటే, కింద ఇది ఆకలితో చచ్చేది చూడమంటే ఎట్లన్నా?"

ఖాదర్‌వలీ ఆకాశం వైపు చూశాడు. అతని ముక్కు మీద చర్మం పొట్టు లేస్తోంది. "మిగతా ఊరంతటికీ ప్రారంభోత్సవం లేకుండానే వచ్చేశాడే" అన్నాడు.

* * *

ముప్పయ్యో తేదీ. మంత్రిగారు పదకొండు నలభైకి రావలసి ఉండి, ఒకటీ యాభైకి వచ్చారు. ఎండ నలభై నాలుగు. జనం మూడు వందలు. షామియానా వేదిక మీద మాత్రమే ఉంది.

బ్యాటరీ ఇరవై ఒకటి.

మద్దిలేటమ్మ ట్రెయిలర్ లోపల గాజుబిళ్ళ ముందు కూర్చుంది. కిటికీలోంచి వేదిక కనిపిస్తోంది.

"ఇవాళ్టి నుంచి సూర్యుడు ప్రజాసేవలో ఉంటాడు" అన్నారు మంత్రిగారు మైకులో. చప్పట్లు. ఆయన మీట నొక్కారు.

మోటారు మూలిగింది. గుడ్డ జానెడు జరిగింది. మళ్ళీ మూలిగింది. ఆగింది.

మంత్రిగారు రెండోసారి నొక్కారు. పరాంకుశం గారు కళ్ళు మూసుకున్నారు. డాక్టర్ నిశాపతి వేదిక వెనక్కి వెళ్ళి ఫోనులో ఎవరితోనో మాట్లాడడం మొదలుపెట్టారు. ఫోను తలకిందులుగా ఉంది.

బ్యాటరీ ఇరవై.

ఇంకొక్కసారి ఆ మీట నొక్కితే అంతే. మద్దిలేటమ్మ బయటికి దూకింది. నిచ్చెన ఎక్కి తెర తాడు ఊడదీసింది. తాడు కొస పట్టుకుని జనాన్ని తోసుకుంటూ వేదిక దగ్గరికి వచ్చింది. సెక్యూరిటీ వాళ్ళు అడ్డం వచ్చే లోపలే దాన్ని మంత్రిగారి చేతిలో పెట్టింది.

"మీరు పట్టుకోండి సార్, చాలు."

మంత్రిగారు పట్టుకున్నారు. ఆయన వెనక నిలబడి మద్దిలేటమ్మ లాగింది. కెమెరాలు మెరిశాయి. ఎర్ర మఖమల్ జారి కింద పడింది.

మద్దిలేటమ్మ తలెత్తి చూసింది.

పైకప్పు మీద ప్యానెల్ లేదు. దాని స్థానంలో నల్లటి రాతిపలక నిగనిగలాడుతోంది. బంగారు రంగు అక్షరాల్లో మంత్రిగారి పేరు, దాని కింద పద్దెనిమిది మంది పేర్లు, అన్నిటి కింద చిన్నగా పరాంకుశం గారి పేరు.

"స్పష్టంగా కనిపిస్తోంది" అన్నారు మంత్రిగారు సంతృప్తిగా.

జరిగింది ఇది. ప్రోటోకాల్ విభాగం వారు తెల్లవారకముందే, ఖాదర్‌వలీ నిద్ర లేవకముందే వచ్చారు. తెర తీస్తే కింద శిలాఫలకం ఉండాలి. వందేళ్ళుగా ఏ తెర తీసినా కింద అదే ఉంది. కప్పు మీద తెర ఉంది గాని కింద రాయి లేదు. ఎవరో మరిచిపోయారని జాలిపడి, ప్యానెల్ కొలతలకు సరిగ్గా కోయించి, చుట్టూ ఇనప ఫ్రేము నిలబెట్టి, ప్యానెల్ మీద అంగుళం ఎత్తున రాయిని బిగించి వెళ్ళిపోయారు.

మంత్రిగారి కార్లు దుమ్ము లేపుకుంటూ వెళ్ళాయి. స్వాగతం బోర్డు మీద అక్షరాలు మారాయి. ఇప్పుడు ధన్యవాదాలు పరిగెత్తుతున్నాయి, మునుపటికంటే పెద్ద అక్షరాల్లో.

"సార్!" మద్దిలేటమ్మ పరాంకుశం గారి దారికి అడ్డంగా నిలబడింది. "ప్రారంభోత్సవం అయిపోయినట్టేనా?"

"జయప్రదంగా."

"ఇంగ ప్యానెల్ పని చేయొచ్చునా?"

"చేయవచ్చు కాదమ్మా. చేసి తీరాలి. ప్రారంభమైన పరికరం పనిచేయకుంటే అది వేరే సర్క్యులర్."

"దాని మీద రాయుండాది."

"ఉంటుంది."

"రాయి తీసేదా?"

పరాంకుశం గారి మొహం పాలిపోయింది. "మంత్రిగారి పేరునా?"

"పొద్దు గూకేసరికి ఇది పందొమ్మిదికి వస్తాది సార్. మీకు బ్యాటరీ లేకపోయినా ఫైలుంటాది. నాకేముండాది?"

 ఆయన ఫైలు తెరిచి నలభై ఏడవ సర్క్యులర్ మొదటి నుంచి చివరి దాకా చదివారు. తర్వాత ఆ వేరే సర్క్యులర్, యాభై రెండవది, చదివారు. ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఎప్పుడూ చేయని పని చేశారు. ఫైలు మూసేశారు.

"రాతిని ముట్టుకోరాదు. అది ఖాయం."

"ముట్టను సార్. రాతి కింద ఉండేదాన్ని తీస్తా."

"నేను భోజనానికి వెళుతున్నాను" అన్నారు పరాంకుశం గారు. "నాకు తినడానికి చాలా సమయం పడుతుంది. తలుపు వేసుకుని తింటాను."

ఆమె స్పానర్ పట్టుకుని పైకెక్కింది. నాలుగు బోల్టులు. పైన ఇనప ఫ్రేము సలసల కాలుతోంది. చీర కొంగు చేతికి చుట్టుకుంది. ఖాదర్‌వలీ కింది నుంచి అందుకున్నాడు. రాయి కింది నుంచి ప్యానెల్ మెల్లగా జారి బయటికి వచ్చింది. దాన్ని ట్రెయిలర్ వెనక నేల మీద, రెండు ఇటుకలు ఎత్తు పెట్టి, పడమటి వైపు వాల్చి నిలబెట్టారు. వైర్లు కలిపారు.

ఇద్దరూ లోపలికి పరిగెత్తారు.

ఇరవై. ఇరవై. ఇరవై.

"లెయ్యి తల్లీ" అంది మద్దిలేటమ్మ.

ఇరవై ఒకటి.

ఖాదర్‌వలీ కుర్చీలో కూలబడి గొడుగుతోనే విసురుకున్నాడు. సాయంత్రం ఎండ వాలేసరికి బ్యాటరీ నలభై నాలుగు. మర్నాడు మధ్యాహ్నానికి తొంభై దాటింది.

* * *

అంకెలు హెడ్డాఫీసుకి వెళ్ళాయి. ఫోటోలు కూడా వెళ్ళాయి. ఫోటోగ్రాఫరు ముందు వైపు నుంచి తీశాడు. ప్యానెల్ వెనక వైపు ఉంది. ఫోటోలో కనిపించేది ట్రెయిలర్, దాని కప్పు మీద రాయి.

డాక్టర్ నిశాపతి రెండిటినీ పక్కపక్కన పెట్టి చూశారు. తెరతో నెల రోజులు అంకె పడుతూ వచ్చింది. రాయి బయటపడిన రోజు నుంచి ఎక్కుతోంది. మధ్యలో ఇంకేమీ మారలేదు. ఆయన పది పేజీల నివేదిక రాశారు. సారాంశం ఒక్కటే: నల్లరాయి, అందునా పేర్లు చెక్కిన నల్లరాయి, ఎండను విశేషంగా ఆకర్షించి బ్యాటరీలోకి పంపుతుంది. పేర్లు పెరిగితే సామర్థ్యం కూడా పెరగవచ్చని, దానిమీద మరింత పరిశోధన అవసరమని చివర రాశారు.

పైన అందరికీ నచ్చింది. ఆ రాతి మీద పేరున్న ఇరవై మందికీ మరీ నచ్చింది.

వారం తిరగకుండానే ఉత్తర్వులు వచ్చాయి. రాష్ట్రమంతటా యాభై ట్రెయిలర్లు, యాభై రాళ్ళు. మద్దిలేటమ్మ ఉద్యోగం ఖాయం. అంతేకాదు, శిలాధారిత విద్యుత్తు మీద యాభై మంది కొత్తవాళ్ళకి శిక్షణ ఇచ్చే బాధ్యత కూడా ఆమెదే.

డాక్టర్ నిశాపతి స్వయంగా ఫోన్ చేశారు. "ఒక్క సందేహం మద్దిలేటమ్మ గారూ. రాయే ఇంత పని చేస్తున్నప్పుడు ఇక సోలార్ ప్యానెళ్ళు ఎందుకు? కొత్తవాటికి కొనడం మానేద్దామనుకుంటున్నాం."

మద్దిలేటమ్మ లెక్క వేసుకుంది. నిజం చెప్పేదా? చెబితే రాయి పోతుంది, నివేదిక పోతుంది, ట్రెయిలర్లు పోతాయి, తనూ పోతుంది. చెప్పకపోతే యాభై బ్యాటరీలు చస్తాయి.

"ప్యానెల్ లేకుంటే రాయి నిలవదు సార్" అంది. "కింద మెత్తగా కూర్చోను పీఠం ఉండాల గదా. పెద్దోళ్ళ పేర్లు."



"పీఠం" అన్నారు డాక్టర్ నిశాపతి, రాసుకుంటూ. "చాలా సూక్ష్మమైన పరిశీలన."

సోమవారం పొద్దున యాభై మందీ వచ్చారు. కొత్త నోటు పుస్తకాలు, కొత్త పెన్నులు. పరాంకుశం గారు ప్రారంభోపన్యాసం చేశారు. శిలకూ సూర్యునికీ గల అనాది సంబంధం గురించి నలభై నిమిషాలు మాట్లాడి, ఇక సాంకేతిక అంశాలు మద్దిలేటమ్మ గారు వివరిస్తారని చెప్పి, ఆమె వైపు ఒకసారి చూసి, భోజనానికి వెళ్ళిపోయారు. అప్పుడు సమయం పదిన్నర.

ఆయన తలుపు వేసుకున్న చప్పుడు వినబడేదాకా మద్దిలేటమ్మ ఆగింది.

"పుస్తకాలు మూసేయండప్పా" అంది. "ముందు అందరూ రాయికి దండం పెట్టుకోండి. పెట్టినారా? ఇప్పుడు స్పానర్లు తీయండి."